తల ఊపితే ఒప్పుకున్నట్టేనా

కరోనాకు ముందటి వేసవిలో నన్ను తెనాలి నుంచి రేపల్లె దారిలో ఉన్న ఒక సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. ఆ అన్నాచెల్లెళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, వాళ్ళ పేర్లూ మార్చాను.

సబ్ రిజిస్ట్రారంటే ముద్ర కొట్టే మనిషని జనం అనుకుంటారు. ముద్ర ఎవరైనా కొడతారు. మా అసలు పని ముద్రకు ముందు ఉంటుంది. ఆస్తి రాసి ఇచ్చే మనిషి మా ఎదుట నిలబడి, ఈ దస్తావేజు నేనే రాసి ఇచ్చాను, ఇందులో ఏముందో నాకు తెలుసు అని చెప్పాలి. దాన్ని ఒప్పుకోలు అంటాం. ఆ మనిషి మైనరనో, మతిస్థిమితం లేదనో మాకు తోస్తే రిజిస్ట్రేషన్ నిరాకరించాలి. చెవిటివారు ఆ జాబితాలో లేరు. సైగల ద్వారానో రాత ద్వారానో వారినే విచారించి, విచారించిన తీరును దస్తావేజు మీద నమోదు చేయాలి. ఇది కాగితం మీది మాట. వెంట వచ్చినవాళ్ళు "సరేనంటోందండి" అంటే సంతకం పెట్టించి పంపేయడం ఆచరణలోని మాట.

వైశాఖ మాసం, పెళ్ళిళ్ళ రోజులు. పదింపావుకు శ్రీనివాసరావు అనే రైతు తన చెల్లెలు రత్నకుమారిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. పుట్టు చెవుడు, మాట లేదు, పెళ్ళి కాలేదు. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకొని జాకెట్లు కుడుతుంది. తండ్రి పోయాక ఆస్తిలో సగం ఆమెది. ఆ సగాన్ని అన్నకు వదిలేస్తున్నట్టు, అన్న ఆమెను జీవితాంతం పోషించేట్టు హక్కు విడుదల దస్తావేజు తయారుచేసి తెచ్చారు. పదకొండు దాటకముందే సంతకం పడాలట. ముహూర్తం.

"ఇందులో ఏముందో ఆవిడకి తెలుసా?" అని శ్రీనివాసరావును అడిగాను.

"తెలుసండి. అన్నీ చెప్పానండి."

"అయితే అడగండి."

ఆయన చేతులతో ఏదో చెప్పాడు. ఆమె తల ఊపింది. పక్కనున్న దస్తావేజు లేఖరి పెన్ను మూత తీసి సంతకం చోటు చూపించాడు. అంత తొందర నాకు నచ్చలేదు.

"ఆగండి. మీకు అన్నదమ్ములు నలుగురా అని అడగండి."

ఉన్నది తనొక్కడే కాబట్టి శ్రీనివాసరావు నావైపు అదోలా చూసి, అడిగాడు. ఆమె తల ఊపింది.

"ఈ ఆస్తి రిజిస్ట్రారు మేడమ్‌కి రాసిస్తున్నావా అని అడగండి."

"అదేంటండి?"

"అడగండి, నేనేం తీసుకుపోనులెండి."

ఈసారి ఆమె చిరునవ్వుతో తల ఊపింది.

లేఖరి మెల్లిగా పెన్ను మూత పెట్టేశాడు. శ్రీనివాసరావు మెడ దాకా ఎర్రబడ్డాడు. "మా చెల్లెల్ని నేను మోసం చేస్తున్నానంటారా? అమ్మ పోయినకాడ్నించీ ఎవరు చూశారండి దాన్ని? మీరా?" అని గొంతు పెంచాడు. వరండాలో ఉన్నవాళ్ళు గుమ్మం దగ్గరికొచ్చారు. నేనూ తక్కువ తినలేదు. చూసుకోవడం వేరు, ఆమె తరఫున ఒప్పుకోవడం వేరు, రెండోదానికి మీకు హక్కు లేదన్నాను. పది నిమిషాల్లో ఊరి పెద్ద ఒకాయన ఫోను చేశాడు, "అన్నాచెల్లెళ్ళ మధ్య మీరెందుకమ్మా" అంటూ. మధ్యలో కూర్చోబెట్టి జీతమిస్తున్నది ప్రభుత్వమే, వాళ్ళనడగండి అని పెట్టేశాను.

మేమందరం అరుచుకుంటుండగా రత్నకుమారి మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. సంచిలోంచి ఫోను తీసి, నా బల్ల మీది స్టాంపు ప్యాడుకు ఆనించి, వీడియో కాల్ చేసింది. తెర మీద కళ్ళద్దాల పెద్దావిడ కనిపించింది. అప్పటిదాకా తల ఊపడం తప్ప ఏమీ రాదనుకున్న మనిషి చేతులు ఎంత వేగంగా కదిలాయంటే, నా చూపు వాటి మీద నిలవలేదు.

"ఎవరావిడ?" అన్నాను.

"బాపట్లలో టీచరమ్మండి. చిన్నప్పుడు అక్కడ మూగవాళ్ళ బడిలో ఏడేళ్ళు చదివిందిలెండి. రోజూ మాట్లాడిద్ది ఆవిడతో. ఏం మాట్లాడుకుంటారో మాకు తెలవదు."

ఏడేళ్ళు చదివిన సంగతి ఆయన అప్పటిదాకా చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఫోనులో ఒప్పుకోలు చెల్లదు. దుబాసీ, అంటే ఆమె సైగలను మాటల్లో పెట్టే మనిషి, స్వయంగా వచ్చి, ఉన్నదున్నట్టు చెబుతానని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. దస్తావేజుకు పెండింగ్ నంబరు వేసి మర్నాటికి ఉంచాను. ముహూర్తం పోయింది. ఆ సాయంత్రం నిరాకరణ ఉత్తర్వు ముసాయిదా రాసుకున్నాను. నిరాకరిస్తే కారణాలు రెండో నంబరు పుస్తకంలో ఎక్కించాలి, దాని మీద జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు వెళుతుంది. కాబట్టి ప్రతి వాక్యం గట్టిగా రాశాను. ఆమెను కాపాడానన్న గర్వం కూడా అందులో కాస్త ఉంది.

మర్నాడు టీచరు గారు బాపట్ల నుంచి వచ్చారు. శ్రీనివాసరావును వరండాలో కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు, కిటికీ అవతల పచార్లు చేస్తూనే ఉన్నాడు. టీచరు గారు దస్తావేజులోని ఒక్కో పేరా చేతులతో చెప్పారు. రత్నకుమారి మళ్ళీ తల ఊపడం మొదలుపెట్టింది.

"తల ఊపితే నేను రాసుకోను. ఏం అర్థమైందో ఆమెనే తిరిగి చెప్పమనండి," అన్నాను.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది, టీచరు గారు మాటల్లో పెట్టారు. పొలం అన్నయ్యకిస్తున్నాను. నాకు వ్యవసాయం రాదు, చేసేది ఆయనే. ఇది నా ఇష్టమే.

ఆమెకేమీ తెలియదన్న నా ముసాయిదాలోని మొదటి కారణం పోయింది.

దస్తావేజులో ఇల్లు కూడా ఉంది. "ఇల్లు?" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. టీచరు గారు ఆ పేరా మళ్ళీ చెప్పారు. రత్నకుమారి దస్తావేజు లాక్కొని, తనే వేలు పెట్టి ఇంటి నంబరు వెతికి పట్టుకుంది. ఆ అంకెలు ఆమెకు తెలుసు. కరెంటు బిల్లు కట్టేది ఆమే. కిటికీలోంచి అన్నవైపు చూసింది. ఆయన నడక ఆగిపోయింది.

లోపలికి పిలిచాను. ఇల్లు కూడా ఉన్నట్టు చెప్పారా అని అడిగాను.

"చెప్పలేదండి. పాతది పడగొట్టి డాబా వేద్దామని. ముందుగది పోద్ది, వెనకాల గదిస్తాను కదా అనుకున్నా. చెబితే ఏడుస్తదనండి."

టీచరు గారు అదీ ఆమెకు చెప్పారు. చెప్పక తప్పదు, ప్రమాణం చేశారు. రత్నకుమారి లేచి నిలబడింది. ముందుగది రోడ్డు మీద ఉంది కాబట్టే జంపని ఊరి నుంచి కూడా ఆడవాళ్ళు నా దగ్గరికొస్తున్నారు, వెనకగదికి ఎవరొస్తారు అంది. తిండి పెడతానంటున్నాడు, నా తిండి నేనే సంపాదించుకుంటున్నాను అంది. తర్వాత నావైపు తిరిగింది. చాలాసేపు చేతులు కదిపింది.

టీచరు గారు తటపటాయించారు. "ఇది మీ గురించండి. చెప్పమంటారా?"

"ప్రమాణం నా గురించి మినహాయింపు ఇవ్వలేదు. చెప్పండి."

"నిన్నంతా మీరు వాళ్ళన్నయ్య మొహం చూసే మాట్లాడారటండి. నా ఆస్తి గురించి అడుగుతూ నన్ను ఒక్కసారీ చూడలేదు అంటోంది. మిమ్మల్ని నమ్మి ఎందుకు సంతకం పెట్టాలి అంటోంది. రెండు రోజుల కుట్టుపని పోయింది, పెళ్ళివాళ్ళు ఇంటి మీదికొస్తారు అంటోంది. ఇంకో మాట కూడా ఉంది, అది నేను..."

"అదీ చెప్పండి."

చెప్పారు. రాయను. కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాను.

నిరాకరణ ఉత్తర్వు చించేశాను. అది జారీ అయి ఉంటే ఆమె ఇవ్వదలచుకున్న పొలం కూడా ఇవ్వలేకపోయేది, అదీ ఆమె మేలు పేరుతో. పాత దస్తావేజును వెనక్కిచ్చాను. వారం తర్వాత పొలానికి మాత్రమే కొత్తది రాయించుకొచ్చారు. ఇంట్లో ఆమె సగం ఆమెకే ఉంది. అన్నాచెల్లెళ్ళు వేర్వేరు ఆటోల్లో వచ్చారు. ఆయన ఆమెవైపు చూడలేదు. ఆమె ముందు మొత్తం తిరిగి చెప్పింది, ఆపైనే సంతకం పెట్టింది.

ఆ దస్తావేజు వెనక నేను రాసిన వాక్యం ఇది: రాసి ఇచ్చినవారు ఇందులోని సంగతులను దుబాసీ ద్వారా తామే తిరిగి వివరించారు. ఆ రోజు నుంచి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా, చెవులు శుభ్రంగా వినబడేవాళ్ళతో కూడా ఒప్పుకోలు ఇలాగే చెప్పించాను. వాళ్ళలో చాలామంది తాము ఏం రాసిస్తున్నారో చెప్పలేకపోయారు.