పక్క మంచం బావ

వారానికి మూడుసార్లు నరసన్నపేట నుంచి శ్రీకాకుళం వెళ్లి డయాలసిస్ చేయించుకోవడం మొదలయ్యాక నేను సన్నాయి ముట్టుకోవడం మానేశాను. తాతల నాటి నుంచీ గుడిలో సన్నాయి వాయించే ఇల్లు మాది. ఊపిరి చాలడం లేదని అందరికీ చెప్పాను. నిజానికి చాలనిది ఊపిరి కాదు. మిషను కుయ్యిమంటే చాలు, గుండె దడదడలాడేది. ఇంటికొస్తే గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

ఆసుపత్రిలో నా పక్క మంచం ఒక వరి రైతుది. మా పక్క ఊరే. మొదటి రోజే నన్ను బావా అని వరస కలిపేశాడు.

"ఏటి బావా ఆ మొకం? నిన్ను సూసి మిషను కూడా ఏడస్తన్నాది."

ఆయన హాస్యం నాకు చిరాకు. భయమెరగని మనిషి, ఈయనకేం తెలుసు అనుకునేవాణ్ణి.

ఒక ఉదయం ఇక డయాలసిస్‌కు వెళ్లనని భీష్మించుక్కూర్చున్నాను. మా ఆవిడ బతిమాలింది, ఏడ్చింది, చివరికి ఆ రైతుకే ఫోన్ చేసింది. కాసేపట్లో ఆయన ఆటోలో మా గుమ్మం ముందు దిగాడు.

"సెల్లెమ్మా, అరగ్లాసు టీ ఎట్టు. అంతకు మించి పొయ్యకు, డాట్రు తిడతాడు" అంటూ వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. ఎన్నడూ లేనిది గొంతు తగ్గించాడు.

"నీ మంచం కాళీగా ఉంటే నాకు బయమేస్తాది బావా. సూది గుచ్చినప్పుడల్లా నీతో అలా వాగేది బయానికే."

ఎన్నాళ్లకో నాకు నవ్వొచ్చింది. ఇద్దరం అదే ఆటో ఎక్కాం.

ఆ రోజే ఆయన డాక్టరుగారి ముందు నా గుట్టు విప్పేశాడు. "మా బావకి రగతం కడిగితే సాలదయ్యా, మనసు కూడా సూడండి."

డాక్టరుగారు నవ్వలేదు. ఈ జబ్బుతో దిగులు, భయం చాలామందికి వస్తాయని, వాటికీ వైద్యం ఉందని చెప్పి, మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

"నాకూ రాసెయ్యండి" అన్నాడు రైతు.

ఇద్దరం వెళ్లాం. ఆవిడ అడిగితే చెప్పాం, చెబుతూనే ఉన్నాం. మెల్లగా నాకు నిద్ర పట్టసాగింది. ఒక సాయంత్రం సన్నాయి తీసి తుడిచాను.

వేసవిలో ఆయన కూతురి పెళ్లి జరిగింది. తలంబ్రాల వేళ ఒక చిన్న కీర్తన వాయించాను. పై స్థాయిలో శ్రుతి కాస్త జారింది కానీ ఎవరూ పట్టించుకోలేదు. ఉత్సాహం వచ్చి రెండోది అందుకోబోతే, పెళ్లికూతురి తండ్రి పీటల మీంచే కేకేశాడు.

"సాల్లే బావా! రేపు మిషను కాడ నీకు ఆయాసమొస్తే నన్నంటాది సెల్లెమ్మ!"

డోలు వాయించే ఆయన నవ్వాపుకోలేక దరువు తప్పాడు. నేను మాత్రం రెండోది కూడా పూర్తి చేశాను.