దబ్బనం ముక్కు పిట్ట

తొమ్మిదో తరగతి సైన్సు నోటుబుక్కును నిరోషా ఇప్పటికీ దాచుకుంది. అందులో ఆమె గీసిన పిట్ట బొమ్మ ఉంది. నలుపు తెలుపు రెక్కలు, పొడుగు కాళ్లు, మొన పైకి తిరిగిన సన్నని ముక్కు. ఆ ముక్కును సారు ఎర్రసిరాతో కొట్టేసి, "ఏ పిట్ట ముక్కూ పైకి వంగదు" అని రాశాడు. నాపరాళ్లు కొట్టే తల్లి భాగమ్మకు సద్ది తీసుకుపోయినప్పుడు, ఆ పక్కనే పాడుబడ్డ గని నీళ్లలో కళ్లారా చూశానని సారుతో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ ఏడే చదువు ఆగింది. తాండూరు మార్కెట్లో కంది బస్తాలు కుట్టే పనిలో చేరింది. ఆ ముక్కును ఇంకొక్కసారి చూడాలని ఏటా చలికాలం గని దగ్గరికి పోయి, ఉత్త నీళ్లు చూసి వచ్చేది.

ఈ చలికాలం వికారాబాద్ నుంచి మనీషా అనే ఆమె వచ్చి జంగప్ప మామ ఆటో మాట్లాడుకుంది. తాండూరు పక్కన అరుదైన నీటిపిట్ట దిగిందని విన్నదట. పనికి బయల్దేరిన నిరోషా కూడా అదే ఆటోలో ఓ మూలకు కూర్చుంది.

"ఎట్లుంటది మేడం?" అన్నాడు మామ.

"నలుపు, తెలుపు. పొడుగు కాళ్లు."

"కొంగనే గద. మస్తు చూపిస్త."

తీరా చెరువు దగ్గర ఉన్నవన్నీ కొంగలే. మనీషా దుర్భిణి దించేసింది. "ఇవి కాదన్నా."

"నీళ్లల్ల నిలవడ్డదల్ల మాకు కొంగనే మేడం."

నిరోషా చున్నీకి గుచ్చుకున్న, బస్తాలు కుట్టే దబ్బనం తీసింది. వంగిన మొనను పైకి తిప్పి పట్టుకుంది.

"మేడం, దాని ముక్కు గిట్లుంటదా?"

మనీషా ఆ దబ్బనాన్ని చూసింది, ఆమె ముఖంలోకి చూసింది. "అచ్చం ఇట్లనే. ఎక్కడ చూసినవ్?"

"పాడువడ్డ గని నీళ్లల్ల," అంది నిరోషా.

"గీ పిల్లకు నోరున్నదని నాకియ్యాల్నే తెల్సింది," అంటూ మామ ఆటోను గని దిక్కు తిప్పాడు.

గట్టెక్కగానే మనీషా "అదే" అని గొణిగి, దుర్భిణిని నిరోషా చేతికిచ్చింది. దాన్ని కళ్లకు ఎట్లా ఆనించుకోవాలో నిరోషాకు తెలియలేదు. అంతా మసక. కిందికి దించేసరికి నలుపు తెలుపు రెక్కలు అవతలి గట్టు దాటుతున్నాయి. ముక్కు కనిపించలేదు.

"చూసినవా?"

"చూసిన," అంది. ఎప్పుడు చూసిందో చెప్పలేదు. "మళ్ల వస్తదా మేడం?" అని అడిగింది.

"చెప్పలేం. ఈ దిక్కు రావడమే అరుదు."

మామ రెండుసార్లు హారన్ కొట్టాడు. నిరోషా దబ్బనాన్ని ఇంకా మొన పైకే పట్టుకుని, బురదలో ఆరుతున్న పిట్ట కాలి గుర్తుల దగ్గర నిలబడి ఉంది.