దుఖాన్ తీరాన మంచుకొండ

ఆ రోజుల్లో ఖతర్‌లో మేం దేన్నైనా నమ్మేవాళ్లం. నేలలోంచి నూనె తోడి నగరాలు కట్టేస్తున్న చోట, మంచుకొండలను ఓడలకు కట్టి లాక్కొచ్చి తాగునీళ్లు చేస్తారంటే నమ్మకుండా ఎలా ఉంటాం? దుఖాన్‌లోని మా కూలీల క్యాంపులో వేసవిలో నల్లా తిప్పితే చేయి కాలేది. ఇంటర్ తప్పిన నేను (అక్కడ అంతకన్నా చదువుకున్నవాడు లేడు మరి) ఇంజనీరు దొర పారేసిన బొమ్మల పత్రిక తెచ్చి అందరికీ పాఠం చెప్పాను. ఏళ్ల తరబడి కురిసిన మంచు పొర మీద పొర పేరుకుని, పైబరువుకు రాయిలా బిగిసి, మెల్లగా సముద్రం వైపు జారుతుందనీ, దాని అంచు విరిగి నీళ్లలో పడితే అదే మంచుకొండ అనీ, పదింట తొమ్మిది వంతులు నీళ్ల కిందే దాగి ఉంటుందనీ వివరించాను. ఆ చలిదేశాల జనం వేసవిలో సరదాగా వాటి మధ్య పడవల్లో తిరుగుతారని కూడా చెప్పాను. "పానం మీదికొచ్చేటి సరదా ఏందిరా!" అన్నాడు మా మేనమామ.

మామ మరో వారంలో ఇంటికి వెళ్లాలి. తను ఇక్కడికొచ్చాక పుట్టిన కూతుర్ని ఆయన ఇంకా చూడలేదు. విమానం ఎక్కేముందు సముద్రం మీద గంగమ్మకు కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాడు. శుక్రవారం తెల్లవారగానే, చేపలు పట్టే ఒక ముసలి అరబ్బును బతిమాలి అతని పడవెక్కాం. కాసేపటికే పొగమంచు కమ్మేసింది. పడవ ముందు భాగం కూడా కనిపించలేదు. ముసలాయన ఇంజను ఆపేశాడు. అల చప్పుడైనా లేని ఆ తెలుపులో, అంతకన్నా తెల్లగా ఏదో ఉన్నట్టుండి మా ఎదుట నిలబడింది.

"మామా, మంచుకొండ! తెచ్చిండ్రు!" అని గుసగుసలాడాను.

"అమ్మా, గంగమ్మా!" అని మామ చేతులు జోడించాడు.

"...మ్మా" అని అటునుంచి ఎవరో మెల్లగా పలికారు.

పడవ దానంతటదే అటే పోతోంది. కింద తొమ్మిది వంతులున్న సంగతి నాకొక్కడికే తెలుసు, తగిలితే ముక్కలే. తండ్రి మొహం చూడకుండానే ఆ పసిదాని బతుకు తెల్లారిపోతుందే అని ఏడుపొచ్చింది. అంత ఉక్కపోతలోనూ నా పళ్లు టకటకలాడాయి (చలికేనని చాలాకాలం వాదించాను). మామ కొబ్బరికాయను గుండెకు హత్తుకుని, "అల్లుడా, నాకేమన్నయితే, మీ నాయన మంచోడని పిల్లకు చెప్పు" అన్నాడు. నేనూ అదే పడవలో ఉన్నానని ఆయనకు తట్టలేదు.

ముసలాయన మా ఇద్దర్నీ వింతగా చూసి, "మాఫీ ముష్కిల్", అంటే ఏం పర్వాలేదంటూ, తన పొడుగు చొక్కా పైకెత్తి సముద్రంలోకి దూకాడు. నేను కెవ్వుమన్నాను. నీళ్లు ఆయన మోకాళ్ల దాకా వచ్చాయి. పడవ తాడు పట్టుకుని ఆ మంచుకొండ దాకా తాపీగా నడిచాడు. అది ఒడ్డునున్న తెల్ల సున్నపురాతి గుట్ట. మామ పలికిన పలుకే దానికి తగిలి తిరిగొచ్చింది. పొగమంచులో దారి తెలియక ముసలాయన తెలివిగా ఇంజను ఆపి, పడవను ఒడ్డువైపు కొట్టుకుపోనిచ్చాడు.

నేను తలెత్తలేకపోయాను. మామ దిగి, ఆ గుట్టకే కాయ కొట్టి, నీళ్లు సముద్రంలో పోశాడు. తర్వాత అరచేయి రాతికి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చేయంతా సున్నం అంటింది. నా మొహం చూసి, "సల్లగనే ఉన్నదిరా అల్లుడా" అన్నాడు. క్యాంపులోనూ అదే చెప్పాడు, ఇంటికెళ్లి కూతురికీ అదే చెప్పాడట.

ఇప్పుడు మామ లేడు. ఆ కూతురు తన పిల్లలకు, "మా నాయన మంచుకొండను ముట్టిండు" అని చెబుతూ సాక్ష్యానికి నావైపు చూస్తుంది. మంచుకొండల పాఠం చెప్పిన ఆ కుర్ర పంతులును తలచుకుని నాకు నవ్వొస్తుంది. "అవును పిల్లలూ, మస్తు సల్లగుండె" అంటాను.