పడుకోని బొమ్మ

మొన్న విజయదశమి సాయంత్రం బొమ్మల కొలువుకు హారతి ఇచ్చి, వచ్చిన పేరంటాళ్ళను లిఫ్టు దాకా సాగనంపి, వంటింట్లో శనగల గిన్నెలు కడుక్కుంటున్నానా, ముందుగదిలో మా మనవరాలి అలికిడి ఉన్నట్టుండి ఆగిపోయింది. పిల్లలున్న ఇంట్లో నిశ్శబ్దం ఎంత భయపెడుతుందో మీకు వేరే చెప్పాలా. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చూద్దును కదా, టీవీ పక్క అద్దాల అరలో ఏళ్ళ తరబడి నిలబడే ఉన్న గులాబీ గౌను బొమ్మను తీసి, సోఫా దిండు మీద వెల్లకిలా పడుకోబెట్టి, దాని పొట్ట మీద అరచేత్తో మెల్లగా జో కొడుతోంది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకుని, "ష్, అమ్మమ్మా, షీ ఈజ్ స్లీపింగ్ లా" అంది, ఇక్కడి పిల్లల యాసలో.

ఈ హౌగాంగ్ ఫ్లాటులో ఆ బొమ్మ పడుకోగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఏటేటా కొలువు ఎత్తేసి మిగతా బొమ్మలన్నిటినీ పాత నూలుచీరల ముక్కల్లో చుట్టి మంచం కింద పెట్టెలో పెడతాం గాని, దాన్ని మాత్రం నిలబెట్టినట్టే అరలోనే ఉంచేస్తాం. దుమ్ము దులిపేటప్పుడు కూడా వంచకుండా తుడవడం నాకు చేతికి అలవాటైపోయింది. ఎందుకని మా అమ్మాయి చిన్నప్పుడు అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. మనవరాలికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ బొమ్మ తయారైన ఏడు సంగతి చెబుతాను. కంప్యూటర్ల పుణ్యమా అని మనవాళ్ళంతా ఒక సూట్‌కేసు, ఒక ప్రెషర్ కుక్కరు పట్టుకుని సముద్రం దాటి ఈ ఊళ్ళో దిగుతున్న రోజులు అవి. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయట, లోకం తలకిందులవుతుందట, దాన్ని ఆపే భారం మా ఆయనలాంటి వాళ్ళ నెత్తిన పడిందట. పొద్దున పాయా లేబర్ అనే పేటలో ఆఫీసుకు వెళ్ళిన మనిషి ఏ వేళకు ఇల్లు చేరతాడో ఆయనకే తెలియదు. ఇక్కడ దసరాకు సెలవు లేదు, ఉన్నా వాళ్ళకు ఇచ్చేవారు కాదు. దాంతో పండుగ అనేది పూర్తిగా ఆడవాళ్ళ చేతుల్లో పడింది, నిజం చెప్పాలంటే అదీ ఒకందుకు మంచిదే అయింది. ఒకరింట్లో పులిహోర, ఒకరింట్లో చలిమిడి, ఒకరింట్లో ఏ రోజుకారోజు ఒక్కో రకం గుగ్గిళ్ళు, అందరి ఇళ్ళలోంచీ తెచ్చిన స్టూళ్ళు, చెప్పులతో నిండిపోయిన కారిడార్. పక్క ఫ్లాటు చీనా అవ్వ కూడా ఒక శనగల పొట్లం పట్టుకెళ్ళి మర్నాడు నారింజ పళ్ళు తెచ్చిచ్చేది. ఏదీ కొన్నది కాదు, ఎవరినీ కూలికి పిలిచింది లేదు.

ఆ ఏడు మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ తన అత్తగారి నాటి మట్టి బొమ్మల్ని చీరల మధ్య పెట్టి, పెట్టెలో భద్రంగా తెచ్చానని దారి పొడుగునా మురుస్తూ వచ్చారు. ఇంటికొచ్చి తెరిస్తే కృష్ణుడికి చేతులు లేవు, కోమటి సెట్టికి బొజ్జ లేదు, ఒక్క చెక్క బొమ్మల జంట తప్ప మిగిలినదంతా పెంకులే. ఆవిడ ఏడవలేదు సరికదా, కొంగు బిగించి, బొమ్మలు మనమే చేసుకుందాం, కాగితాలు పట్రమ్మనవే మీ ఆయన్ని అన్నారు. మా ఆయన ఆఫీసులో పారేసే కాగితాలు, పచ్చ చారలతో, రెండంచులా చిల్లులతో, ఒకదానికొకటి అతుక్కుని మడతలు మడతలుగా ఉండేవి గుర్తున్నాయా, అవి సంచుల కొద్దీ మోసుకొచ్చారు. ఆ కాగితాలు చింపి నానబెట్టి, నానిన మెంతులు కలిపి గుజ్జుగా రుబ్బాం. మెంతులు వేస్తే పురుగు పట్టదు, బొమ్మ గట్టిపడుతుంది. నా మిక్సీ గిన్నె మాత్రం ఆ తరవాత ఎన్నాళ్ళు పచ్చడి రుబ్బినా మెంతుల చేదే ఇచ్చింది. ఆ విషయంలో అత్తగారిని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

మాకు రెండో పక్కింట్లో హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఇల్లాలిని నేను వాళ్ళ మాటలోనే ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. కుట్టుపనిలో ఆవిడ చెయ్యి పడితే చింకిగుడ్డ కూడా పెళ్ళికి తయారయ్యేది. బొమ్మల పని అనగానే తాను మొహాలు చెయ్యనని, తమలో ఆకారాలు చెయ్యరని ముందే మర్యాదగా చెప్పేసి, బట్టల సంగతి మాత్రం నాకు వదిలెయ్యండని సూదీ దారం పట్టుకుని మా ముందుగదిలో చాప మీద బైఠాయించారు. మా అత్తగారు మొదటి రోజు కాస్త ముభావంగా ఉన్నా, జరీ ముక్కతో ఆపా పార్వతీదేవికి కుట్టిన చీర కుచ్చిళ్ళు చూశాక కాఫీ స్వయంగా కలిపి తెచ్చి ఇచ్చారు.

ఇక కారిడార్ చివరి ఫ్లాటులో ఉండే అమ్మాయి. వాళ్ళది తెనాలి దగ్గర. నన్ను అక్కా అనేది, నాకు చెల్లెలి కిందే లెక్క. ఆ వేసవిలో పాపను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. అక్కడ పాపకు జ్వరం తగిలి, ఊళ్ళో డాక్టరు, పట్నంలో ఆసుపత్రి అని తిప్పుతుండగానే చేజారిపోయింది. అప్పుడప్పుడే మాటలన్నీ వస్తున్న పిల్ల, కారిడార్‌లో మా అమ్మాయి వెనకే తిరిగేది. భర్తకు సెలవు అయిపోవడంతో ఇద్దరూ తిరిగి వచ్చారు. అతను ఆఫీసులో పడ్డాడు. చెల్లెలు ఇంట్లో తలుపు వేసుకుంది. గుమ్మం బయట అరలో పాప చెప్పులు అలాగే ఉండేవి, మేమంతా అటు చూడకుండా నడిచేవాళ్ళం.

ఏడాది దాకా పండుగలు లేని ఇల్లు కదా, పేరంటానికి పిలిచే మాట లేదు. అందుకని నేను పండక్కి పిలవలేదు, పనికి పిలిచాను. ఒక బేసిన్ నిండా గుజ్జు పట్టుకెళ్ళి, మా వల్ల కావడం లేదు, ఒక్క బొమ్మ చేసిపెట్టమ్మా అని వాళ్ళింట్లో పెట్టి వచ్చేశాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు చెల్లెలు ఒక పసిపాప బొమ్మను పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. బూరెల్లాంటి బుగ్గలు, ముందుకొచ్చిన పొట్ట, కాటుకతో దిద్దిన కళ్ళు, చెంపన దిష్టిచుక్క. వీపు మీద రంగు సరిగా అంటక, నానీ నానని కాగితం మీది అంకెలు అక్కడక్కడా కనబడుతున్నాయి. ఎవరి పోలికో ఎవరమూ పైకి అనలేదు. రెండో చేతిలో పాప గులాబీ గౌను ఉంది. దాన్ని ఆపా ఒళ్ళో పెట్టి, దీనికి సరిపడా కుట్టమంది. ఆపా ఆ గౌను అంచు ఒక్కటే కత్తిరించి, బొమ్మ ఒంటి మీదే పెట్టి కుట్టి, మిగిలిన గౌను మడిచి చెల్లెలికి తిరిగి ఇచ్చేశారు.

కొలువు పెట్టాం. ఇంతలో వానలు పట్టుకున్నాయి. ఇక్కడి వాన సంగతి మీకు తెలుసు, గోడలు కూడా చెమటలు పడతాయి. ఇల్లంతా మెంతుల వాసన. చెల్లెలు పేరంటం వేళకు రాదు గాని, మధ్యాహ్నం పేరంటాళ్ళెవరూ లేనప్పుడు వచ్చి కొలువు ఎదురుగా కూర్చునేది. ఒకనాడు అలా కూర్చున్నది ఉన్నట్టుండి లేచి, బొమ్మ నడుం దగ్గర వేలు పెట్టి చూసింది.

"చూడక్కా, గౌను బిగుతైపోయింది. పెరిగినట్టుంది" అంది.

మొహంలో వెలుగు వచ్చింది, ఆ వెలుగు చూసే నాకు భయం వేసింది. నిజంగానే కుట్లు పిగిలేలా ఉన్నాయి. తడిగాలికి కాగితం గుజ్జు ఉబ్బుతుందని, ఎండ కాస్తే మళ్ళీ తగ్గుతుందని నాకూ తెలుసు, అత్తగారికీ తెలుసు, ఆ మాట అనకుండా నేను వెళ్ళి పక్కింటి ఆపాను పిలుచుకొచ్చాను. ఆపా కళ్ళద్దాలు పెట్టుకుని బొమ్మను దగ్గరికి తీసుకున్నారు.

"పెరిగితే కుట్లు ఇప్పుదం, అంతే కద. లోపల గుడ్డ ఇడిచే పెట్టిన. పిల్లల బట్టలకు ఇడవాలె" అన్నారు.

బొమ్మ గౌనుకు ఎవరైనా లోపల గుడ్డ వదులుతారా చెప్పండి. ఆవిడ వదిలారు. అలవాటు కొద్దీ వదిలారో, ఇంకెందుకైనా వదిలారో నేను అడగలేదు. ఆవిడ ఒక్కొక్క కుట్టూ విప్పి, మళ్ళీ వేస్తుంటే, చెల్లెలు చాప మీద కూర్చుని, పాప పోయాక మొదటిసారి మా ఎదుట గట్టిగా ఏడ్చింది.

విజయదశమి వచ్చింది. కొలువు ఎత్తే ముందు సాయంత్రం ఒక బొమ్మను పడుకోబెట్టాలని మీకు తెలుసు. మా అత్తగారింటి ఆనవాయితీ ఇంకాస్త పట్టింపుగా ఉంటుంది, ఆ ఏడు కొత్తగా చేరిన బొమ్మల్లో చిట్టచివరిదాన్నే పడుకోబెట్టాలి. చిట్టచివర చేరింది ఏదో వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట ఎలా తెలిసిందో, హారతి వేళకు చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కళ్ళు బొమ్మ మీద లేవు, అత్తగారి చేతుల మీద ఉన్నాయి. ఆసుపత్రిలో పాపను అలా వెల్లకిలా పడుకోబెట్టాక మరి లేవలేదని ఆమె నాతో ఒకసారి అన్నది, ఆ క్షణంలో నాకు అదే గుర్తొచ్చింది. మడి, ఆచారం విషయంలో కన్నకొడుకును కూడా ఉపేక్షించని మనిషి మా అత్తగారు. ఆవిడ బొమ్మ దాకా వెళ్ళారు, చెయ్యి చాపారు, దాని చెంప నిమిరి వెనక్కు తిరిగారు.

"ఆడుకుంటున్న పిల్లని లాక్కొచ్చి పడుకోబెడతామేంటే. నిద్దరొచ్చినప్పుడు అదే పడుకుంటుందిలే, ఉండనీ" అన్నారు.

చెక్క బొమ్మల జంటలో ఒకదాన్ని పడుకోబెట్టి ఆ పూటకు కానిచ్చారు.

తరవాత ఆ కంప్యూటర్ల ఉప్పెన ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా తీసింది. చెల్లెలి భర్తకు పని పోయి ఇద్దరూ హైదరాబాద్ వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు బొమ్మను తీసుకెళ్తుందనుకున్నాను. విమానంలో పెట్టెలో పడుకోబెట్టాలి కదక్కా అని నా చేతిలో పెట్టి, "నిద్రొచ్చిన రోజున నాకు చెప్పు" అంది. అంతే.

నవ్వుకుంటారేమో గాని, ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఒక మనిషి ఎక్కువగానే ఉంది. వాన పడితే మెంతుల వాసన ముందు అద్దాల అరలోంచి వచ్చేది. గౌను బిగిసిందేమోనని నేను తలుపు తీసి నడుం దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. మా ఆయన దానికి వీపు పెట్టి కూర్చునేవారు కాదు. అందరం ఊరెళ్ళినప్పుడు తాళం వేస్తూ, వస్తానమ్మా అని నాకు తెలియకుండానే అనేసేదాన్ని. చెల్లెలితో ఫోనులో మాట్లాడినప్పుడల్లా, ఆమెకు తరవాత పుట్టిన కొడుకు చదువు, ఉద్యోగం, అన్నీ అయ్యాక చివర్లో కాసేపు ఆగేది. ఇంకా లేదమ్మా అని నేను అనేదాన్ని. ఏమిటని ఆమె అడిగేది కాదు.

మొన్న మనవరాలి పక్కన నిలబడి, లేపబోయిన చెయ్యి వెనక్కు తీసుకున్నాను. ఎవరూ చెప్పకుండా, ఎవరూ లాక్కురాకుండా, ఒక చిన్నపిల్ల చేతుల్లో పడుకుంది కదా అనిపించింది. ఫోను చేశాను. చెల్లీ, పడుకుందే అన్నాను.

"కప్పావా అక్కా?" అంది.

లేదు, ఇప్పుడు కప్పుతానన్నాను.

"మెడ దాకా వద్దు. దానికి ఉక్క. నడుం దాకా చాలు."

బొమ్మలు చుట్టే నూలుచీర ముక్క ఒకటి తెచ్చి నడుం దాకా కప్పాను. మనవరాలు అంచులు సర్దింది.

ఇప్పుడు కొలువు బొమ్మలన్నీ లిటిల్ ఇండియాలో అట్టపెట్టెల్లో వరసగా దొరుకుతున్నాయి, పేరంటానికి శనగలు కూడా ప్లాస్టిక్ డబ్బాల్లో ఆర్డరు మీద వస్తున్నాయి, ఆఫీసుల్లో కాగితమే లేదట. అత్తగారు లేరు. మా ఆయన పోయి నాలుగేళ్ళవుతోంది. ఆపా బూన్ లే పేటలో కొడుకు దగ్గర ఉంటున్నారు, చూపు తగ్గి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నారు. ఈసారి వాన వచ్చి గౌను బిగిస్తే లోపల వదిలిన గుడ్డ ఇంకా ఉంది గాని, విప్పి కుట్టే చెయ్యి లేదు. ఆ అవసరం ఇక రాదేమో కూడా. అద్దాల అర ఖాళీగా ఉంది. సోఫా పక్కగా వెళ్ళేటప్పుడు మాత్రం అడుగుల చప్పుడు కాకుండా నడుస్తున్నాను.