హద్దురాయికి అవతలి గుంత

మా ఊరి దొరస్వామి రోడ్డు గ్యాంగుకు మేస్త్రి. చిత్తూరు నుంచి ఐరాల వైపు వచ్చే మా రోడ్డు పేరుకే స్టేట్ హైవే. ఏటా మామిడికాయల లారీలు దాన్ని జల్లెడ చేసేవి. దొరస్వామి గ్యాంగు కంకర పోసి, తారు కాచి, మళ్లీ దాన్ని దారికి తెచ్చేది. పనిలో ఆయనకు వంక పెట్టలేం. టీ అంగట్లో కూర్చుని, "నా రోడ్డు మీద నీళ్లకడవ ఒళ్లో పెట్టుకుని బస్సులో పోవచ్చబ్బా. సుక్క తొణికితే నన్నడుగు" అనేవాడు. పని చేసేవాడికి ఆ మాత్రం గొప్ప ఉండాలిలే అని మేమూ ఊరుకునేవాళ్లం.

అయితే ఆయన రోడ్డు మా ఊరి మలుపులో హద్దురాయి దగ్గర అయిపోతుంది. అవతల వేరే గ్యాంగుది. ఆ రాయి దాటగానే, చేయి చాస్తే అందేంత దూరంలో, ఒక గుంత పడింది. ఆ గ్యాంగువాళ్లు అంత దూరం రారు. మన మేస్త్రి రాయి దాటడు. వానలకు అది పెరిగి పెరిగి బర్రె పడుకునేంత అయింది.

గ్యాంగుకు మధ్యాహ్నం సంగటి, నంజుకోను ఊరుబిండి గంపలో తెచ్చిపెట్టేది చెంగమ్మ. మొగుడు పోయినప్పటి నుంచి ఆ గంప మీదే ఆమె బతుకు. దొరస్వామిని నోరారా అన్నా అని పిలిచేది. ఒకరోజు వడ్డిస్తూ అడిగింది.

"ఆ గుంతలో ఒక తట్ట కంకర ఎయ్యకూడదా అన్నా? దినామూ ఆ దోవనే కదా నేనొచ్చేది."

"అది మాది కాదు తల్లీ. ఈ పొద్దు మనం ఏస్తే, రేపట్నించి అది మన నెత్తినే రుద్దుతారు."

ఆ మాట అంటున్నప్పుడు పక్కనే పొయ్యి మీద తారు ఉడుకుతూ ఉంది.

శ్రావణంలో పెద్దవాన కురిసింది. గుంత నీళ్లతో నిండి రోడ్డుతో సమానంగా కనబడింది. చెంగమ్మ గంప ఒళ్లో పెట్టుకుని తమ్ముడు మునెయ్య మోపెడ్ వెనక వస్తోంది. ముందు చక్రం గుంతలో దిగబడింది. మునెయ్య మోచేతులు గీరుకుని లేచాడు. చెంగమ్మ లేవలేకపోయింది, తొడ ఎముక విరిగింది. రాయికి ఇవతల కూర్చుని అన్నానికి ఎదురుచూస్తున్న గ్యాంగు కళ్లముందే జరిగిందిదంతా. అందరికంటే ముందు పరిగెత్తిందీ, ఆమెను ఎత్తి గ్యాంగు జీపులో పడుకోబెట్టిందీ దొరస్వామే.

మర్నాడు ఆయన చిత్తూరు ఆసుపత్రికి పోయి మంచం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. తిడుతుందనే పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు దిగులు పడొద్దన్నా" అంది చెంగమ్మ. "నేను పడింది రాయికి ఆ పక్కనే. అడిగినోళ్లందరికీ అదే సెప్తా ఉండా. నీ మీదికి మాట రానీను."

నలుగురిలో చెప్పు తీసుకుని కొట్టినా ఆయన అంత సిగ్గుపడి ఉండడు. వంచిన తల ఎత్తకుండానే బయటికి వచ్చేశాడు.

ఊరికి రాగానే ఒక్కడే పోయి గుంత నీళ్లు తోడాడు, కంకర పోశాడు, దిమ్మిసతో కొట్టి తారు పరిచాడు. నోట్లో వేసుకున్న వక్కాకు ఊసేలోపే పని అయిపోయింది. ఇంత పనికా, ఇంత చిన్న పనికా నేను ఆ మనిషి కాలు తీసింది అని రోడ్డు పక్కనే కూలబడ్డాడు. అటుగా పోతున్న మా ఊరి మునివెంకటప్ప, "మంచి పని సేసినావు మేస్త్రీ" అని మెచ్చుకుని పోయాడు.

చెంగమ్మకు కుంటి నడక మిగిలింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒకనాడు ఆమె, దొరస్వామి ఒకే బస్సులో పడ్డారు. మలుపులో బస్సు కుదుపు లేకుండా సాగింది. ఆమె ముందు సీట్లోంచి బస్సంతటికీ వినబడేలా చెప్పింది.

"సూడండి, ఇది మా అన్న ఏసిందే. తన హద్దు కాకపోయినా నాకోసం ఏసినాడు."

అందరూ వెనక్కి తిరిగి మేస్త్రిని చూశారు. ఆయన స్టాపు కాని చోట బస్సు ఆపించి దిగిపోయాడు. ఆ తర్వాత చెంగమ్మ ఎక్కిన బస్సు ఆయన ఎన్నడూ ఎక్కలేదు.