ఒంటి తుమ్ము చిన్నాయన

"రెండోది గూడా తుమ్మింటే నేను పోయుందును గదప్పా."

"రానిదాన్ని యాడ నుంచి తెచ్చేది, హొన్నూరప్పా?"

"ఒకటి వచ్చిన ముక్కుకు ఇంకోటి రాదా? హొసకోటలో ఎనుమును చూసేకి రమ్మన్యారు. ఈపాటికి ఎవురో తోలుకోని పోయింటారు."

"నా ఒక్క తుమ్ముకే పోయే ఎనుము నీ కొట్టంలో నిలిచేదేనా?"

గోడకు ఇవతల పళ్లు తోముకుంటూ నేను విన్న జగడం ఇది. అవతల వీధిలో సంచి చంకన పెట్టుకుని హొన్నూరప్ప, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని చిన్నరంగప్ప. జరిగింది చిన్న సంగతే. హొన్నూరప్ప ప్రయాణమై గడప దాటి, భుజం మీది తువ్వాలును టపటపా దులిపాడు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న చిన్నరంగప్ప తుమ్మాడు. ఒక్కటే. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే మా ఊళ్లో ఎవరైనా వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి గాని కదలరు. హొన్నూరప్ప నీళ్లు తాగేలోపు బస్సు పోయింది. రెండు తుమ్ములైతే ఏ ఇబ్బందీ లేదు, నిక్షేపంగా పోవచ్చు. కాని చిన్నరంగప్ప రెండోది తుమ్మగా విన్నవాడు ఊళ్లో లేడు.

వరసకు ఆయన నాకు చిన్నాయన. క్యాతగానచెర్లులో ఆయన తుమ్ముకు ఆగని పని లేదు. పెళ్లిచూపులకు బయల్దేరిన జీపు మూడుసార్లు ఆగింది. పంచాయతీ ఎలక్షన్‌కు నామినేషన్ వేయబోయిన మనిషి గడువు దాటేదాకా నీళ్లే తాగాడు. దేవర జాతరలో బలికి తోలుకుపోతున్న పొట్టేలు ఒకటి ఇంకో వారం ఎక్కువ బతికింది. ఆ వారమంతా అది చిన్నాయన కనబడితే తోక ఆడించేదని చెప్పుకుంటారు.

ఎందుకిట్లా అని అడిగితే ఒకటే జవాబు. "నాకు ఎలర్జీ ఉండాది." నాలుగెకరాల మాగాణి ఉందని చెప్పుకున్నట్టు చెప్పేవాడు. కొడుకు యోగీశన్న పెళ్లయిన ఏడాదే ఆయనకు ఈ రోగం పట్టుకుంది. యోగీశన్న బెంగళూరులో డ్రైవరు, నెలకు రెండుసార్లు వస్తాడు. ఇంట్లో ఉండేది చిన్నాయన, ఆయన భార్య ఈరక్క పిన్నమ్మ, కోడలు నేత్రావతి వదిన.

రోగం వచ్చిన మొదటి నెలలోనే ఇంట్లో ఉన్న పొరకలన్నీ మాయమయ్యాయి. పిన్నమ్మ వెతగ్గా వెతగ్గా గడ్డివామి కింద దొరికాయి. పొడి పొరక పడితే దుమ్ము నేల నుంచి లేచి మనిషి ముక్కులోకి పోతుంది, అంతకుమించి ఊడ్చినట్టు కాదు, తడిగుడ్డతో తుడవాలి అని ఆయన వాదన. ఈ జ్ఞానం సోలార్ పార్కులో వచ్చింది. ఆయనా నేనూ అక్కడ ఎండకు పరిచిన అద్దం ప్లేట్లు కడిగే పనిలో ఒకే జట్టు. (తుమకూరులో డిప్లొమా మధ్యలో వదిలేసినవాడికి అంతకంటే మంచి పని ఎవడూ ఇవ్వలేదు. నేను ఏ పనిలోనూ ఆర్నెల్లు నిలవలేదు కాబట్టి ఎవణ్ణీ తప్పు పట్టను.) పొడిగుడ్డ తగిలితే ప్లేటు మీద గీతలు పడతాయని సూపర్‌వైజరు రోజూ అరుస్తాడు. చిన్నాయన అది విని ఇంటికొచ్చి, "అద్దం పలకకు నీళ్లు, ఆలుబిడ్డలకు పొడి పొరకనా?" అని పిన్నమ్మ మీద అరిచేవాడు.

అక్కడితో ఆగలేదు. వాకిట్లో ముందు ఊడ్చి తర్వాత నీళ్లు చల్లడం తరతరాల పద్ధతి. ఆయన వచ్చి ముందు చల్లి తర్వాత ఊడ్వమన్నాడు. వీధిలో ఆడవాళ్లంతా ఏకమై తిట్టారు. చేను నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడిగి, బట్టలు మార్చి గాని లోపలికి రాకూడదు. గాలి తోలే పొద్దుల్లో కిటికీలు మూసెయ్యాలి. దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో వేసి తియ్యాలి. దోమల చుట్ట వద్దు, ఊదొత్తి వద్దు. ఊదొత్తి వద్దన్న రోజు పిన్నమ్మ అన్నం మానేసింది. పడుకునే గదిలో ఉన్న చెనిక్కాయ మూటలు కొట్టంలోకి పోయాయి, ఆ గదిలోనే పుట్టిన మేకపిల్ల కూడా పోయింది. ఇప్పుడా గదిలో రెండు మంచాలు, తడిగా మెరిసే బండలు, రెక్కలు తుడిచిన ఫ్యాను తప్ప ఏమీ లేవు. ఊళ్లో దానికి ఐసీయూ అని పేరు పెట్టారు.

వానలు పడి కాంగ్రెస్ గడ్డి మొలిచిందంటే పార్కులో ఇచ్చిన గ్లవుసులు తొడుక్కుని వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా పీకేవాడు. తెల్లపూలు పూసిందంటే దాని పుప్పొడే అన్నిటికంటే చెడ్డదని చెప్పేవాడు. ఆయన కళ్లలో పొర. ఎదురుగా వచ్చే బస్సు బోర్డు కనబడదు. గాలిలో లేచిన దుమ్ము మాత్రం ఎట్లా కనబడుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంకొకటి కూడా అర్థం కాలేదు. పార్కులో పొద్దంతా మా నెత్తిన దుమ్మే. అక్కడ ఆయన ఒక్కసారి తుమ్మగా నేను చూడలేదు. అడిగితే, డ్యూటీలో తుమ్మితే సూపర్‌వైజరు రాసుకుంటాడన్నాడు. నేను నమ్మాను. చదువు మానేసినవాణ్ణి అని ఊరికే అనరు.

ఈ ఏడు కార్తీకంలో మాత్రం నవ్వులు ఆగిపోయాయి. హొన్నూరప్ప చెనిక్కాయ పెరికి వామి వేశాడు. మిషన్‌తో కాయ కొట్టించాలి. మా వీధిలో పద్ధతి ఏమంటే ఇంటికొక మనిషి పోవాలి, రేపు వాళ్లు మనకు వస్తారు. ప్రతి ఏడూ పిన్నమ్మ పోయేది. ఈసారి నడివీధిలో అందరికీ వినబడేట్టు చెప్పింది. "ఈ తూరి మా కోడలు వస్తాది. రోగం ముసిలోనికి, రెస్టు వయసు పిల్లకు. మూడేండ్లాయ, పొరక ముట్టింది లేదు, చేట ముట్టింది లేదు. పుట్టినింట్లో పని నేర్పకపోతే నేను నేర్పుతా. అట్ల గాదంటే పుట్టినింటికే పోనీ."

నేత్రావతి వదిన తల దించుకుని సరేనంది. చిన్నాయన మొహం చూశాను. నెత్తురు చుక్క లేదు. నేను పోతానన్నాడు. హొన్నూరప్ప రెండు చేతులూ జోడించాడు. "నువ్వు తుమ్మితే మిషన్ ఆపేసి అందరూ నీళ్లు తాగేది నాకొద్దు సామీ." పిన్నమ్మ ఇంకా గట్టిగా అడ్డం పడింది. ఎలర్జీ మనిషివి, మిషన్ కాడ నిలబడి చస్తావా అంది. తర్వాతి రెండు దినాలూ పార్కులో ఆయన ఒకే ప్లేటును నాలుగేసి సార్లు కడిగాడు.

గురువారం పొద్దున వీధి చివర ట్రాక్టరుకు మిషన్ తగిలించారు. ఆ పూట నాకు పని లేదు, మూటలు మోయడానికి పోయాను. వదిన మొహానికి తువ్వాలు చుట్టుకుని, కాయలతో ఎండిన చెనిక్కాయ కట్టెను మిషన్‌కు అందించే వరసలో నిలబడింది. డ్రైవరు తాళం తిప్పబోతుండగా అరుగు మీద నుంచి ఒక తుమ్ము. అందరూ చేతులు దించి నీళ్ల బిందె వైపు నడిచారు. డ్రైవరు పొరుగూరివాడు. తనకట్లాంటి పట్టింపు లేదని తాళం తిప్పేశాడు. మిషన్ తిరుగుతుంటే వీళ్లూ గబగబా నీళ్లు తాగి వచ్చి వరసలో నిలబడ్డారు.

మిషన్ నోట్లో కట్టె పడగానే ఎర్రదుమ్ము లేచి వీధిని కప్పేసింది. నాలుగడుగుల అవతల మనిషి మనిషిలా లేడు. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. వదిన చేతులు నెమ్మదించాయి. ఒకసారి ఆగి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. కోడలి పని చూడ్డానికని వచ్చి పక్కన నిలబడిన పిన్నమ్మ, ఇంతలోనే అలుపొచ్చిందా అని అడిగింది. వదిన వరస వదిలి ట్రాక్టరు వెనక్కి పోయింది.

అప్పుడు చిన్నాయన అరుగు దిగాడు. మూడేళ్లుగా తడిగుడ్డ లేకుండా వాకిట్లోకి రానివాడు ఉట్టి మొహంతో ఆ దుమ్ములోకి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి కట్టె కుప్ప మీద వెల్లకిలా పడి, గుండె పట్టుకుని, కాళ్లు తన్నుకున్నాడు. మిషన్ ఆగింది. పిన్నమ్మ పరుగున వచ్చి తిడుతూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. జనమంతా చుట్టూ మూగారు. నేను ఆయన తల పైకెత్తబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ప్రాణం పోయేవాడి పట్టు కాదది, నా వేళ్లు విరిగేట్టు పట్టుకున్నాడు. అరచేతిలో ఏదో పెట్టి, చెవిలో అన్నాడు.

"ట్రాక్టరు ఎనక. ఆ పాపకు ఇయ్యి. బిరీన పో."

తర్వాత గట్టిగా "అయ్యో" అన్నాడు.

చూస్తే నీలం రంగు పంపు. దమ్ము, అదే ఉబ్బసం, ఉన్నవాళ్లు నోట్లో పెట్టుకుని పీల్చేది. నేను ట్రాక్టరు చుట్టూ తిరిగి పోయాను. వదిన చక్రానికి ఆనుకుని ముడుచుకుని కూర్చుంది. పెదవులు పాలిపోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఎదలో ఈల మోగుతోంది. పంపు లాక్కుని, ఊపి, రెండుసార్లు పీల్చింది. ఎన్నాళ్లుగానో అలవాటున్న చెయ్యి. అటువైపు చిన్నాయన మూలుగులు ఊరంతా వినబడుతున్నాయి. ఒక్కరు కూడా ఇటు తిరగలేదు.

దొడ్డిదారిన ఆమెను ఐసీయూలోకి తీసుకుపోయాను. కిటికీ మూసి ఉంది. నేల తడిగా ఉంది. బయటి దుమ్ము వాసన ఆ గదిలో లేదు. మంచం మీద కూర్చుని ఆమె ఊపిరి కోసం పెనుగులాడుతుంటే నేను గడప దగ్గర గుంజలాగా నిలబడ్డాను. ఆటో పిలవాలా అంటే చెయ్యి అడ్డంగా ఊపింది. పది నిమిషాలకు ఈల తగ్గింది. అప్పుడంది.

"మామకు ఏం కాలేదు, మధూ. రోగం నాది."

అంతలో నలుగురు మోసుకుని చిన్నాయన్ను అదే గదిలోకి తెచ్చి పక్క మంచం మీద పడుకోబెట్టారు. ఆయన ఒక కన్ను తెరిచి కోడల్ని చూసి మళ్లీ మూసుకున్నాడు. ఆ తర్వాత గంటసేపు హాయిగా చస్తూనే ఉన్నాడు. హొన్నూరప్ప విసనకర్ర విసిరాడు. ఇక మిషన్ దగ్గరికి ఎవరు పోవాలన్న మాట వచ్చినప్పుడు, తన దగ్గర కోడలు లేకపోతే ప్రాణం నిలవదని నీరసంగా చెప్పాడు. పిన్నమ్మే తువ్వాలు చుట్టుకుని పోయింది.

అందరూ పోయాక నేను మొహం మీదే అడిగేశాను, ఇన్నేళ్లు ఈ నాటకం ఎందుకని. పెళ్లయిన కొత్తలో పొడి పొరక పట్టిన వదిన గడ్డివామి వెనక ఇట్లాగే ముడుచుకుని కనబడిందట. దమ్ము అని తెలిసి అంతకుముందు ఒక సంబంధం తప్పిపోయిందనీ, అత్తకు చెప్పొద్దనీ ఏడ్చిందట. అప్పటి నుంచి నెలకోసారి ఆయన పావగడ ఆసుపత్రికి పోతాడు, తోడుగా కోడలు పోతుంది. డాక్టరు చూసేది తోడును. తడిగుడ్డ, మూసిన కిటికీలు, వేడినీళ్ల దుప్పట్లు, అన్నీ ఆ డాక్టరు చెప్పినవే. ఇంట్లో అందరి లెక్కలో పంపు కూడా ఆయనదే కాబట్టి ఆయన జేబులోనే ఉంటుంది.

యోగీశన్నకు తెలుసా అంటే, "వానికి తెలుసు. వాళ్లమ్మ నోరు గూడా తెలుసు" అన్నాడు.

"మరి నువ్వు రోగిష్టివని ఊరంతా నవ్వుతా ఉంటే నీకేం కాదా చిన్నాయనా?"

"నా ముక్కు ముసిలిదిరా. దాన్నింక ఎవురూ పెండ్లి చేసుకోరు. ఆ పాప చెప్పుకోవల్లనుకున్న దినం తనే చెప్పుకుంటాది. అంతవరకు నేను తుమ్ముతా."

మరి తుమ్ము ఎక్కడ నుంచి వస్తుంది? నడుము మడతలోంచి చిన్న డబ్బీ తీసి చూపించాడు. నశ్యం. గాలిలో దుమ్ము ఆయనకు కనబడదు, కోడలి ముక్కు ఎర్రబడటం కనబడుతుంది. వెంటనే చిటికెడు. రెండోది తుమ్మితే దుమ్ము లేపేవాడు ఆగడు కాబట్టి అది రాకుండా ముక్కు నలుపుకుంటాడు. ఆ విద్య పట్టుబడటానికి ఆర్నెల్లు పట్టిందని కాస్త గర్వంగానే చెప్పాడు.

తర్వాతి వారం పావగడలో ఆయన కంటి పొర తీశారు. నలభై దినాలు దుమ్ములోకి పోకూడదు, ముఖ్యంగా తుమ్మకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడట. హొన్నూరప్పకు ఇంకో వామి మిగిలి ఉంది. చేల గట్ల మీద కాంగ్రెస్ గడ్డి ఇంకా పూతలోనే ఉంది. నేను పార్కు పని కూడా వదిలేసి బెంగళూరుకు పోదామని బ్యాగు సర్ది, గడప దాటబోతున్నాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చిన్నాయన ఎదురొచ్చాడు. తుమ్మలేదు. నా బ్యాగు వైపు చూశాడు, వీధి చివరి వామి వైపు చూశాడు, నశ్యం డబ్బీ తీసి నా జేబులో వేశాడు.

"ఎలర్జీ నా నుంచి నీకు అంటుకున్యాదని మీ పిన్నమ్మకు చెప్పేసినా. ఈ నలభై దినాలు నా బదులు నువ్వు తుమ్మల్లప్పా, మధూ. ఒకటే. సచ్చినా రెండోది తుమ్మాకు."