యర్రయ్య పూసిన లక్క

క్రైస్తవ మిషను వాళ్ళ కారు నడిపిన యర్రయ్య చలిజ్వరంతో పోయి నెల తిరక్కుండానే అతన్ని దొంగన్నారు. అన్నవాడు విజయనగరం నుంచి వచ్చిన కొత్త డ్రైవరు వరప్రసాదం. ఇంజనుకి నిప్పురవ్వ అందించే మేగ్నెటో పెట్టె కంపెనీది కాదట. కంపెనీదైతే నల్లగా నున్నగా ఉంటుందట, ఇదేమో ఎర్రగా గరుకుగా బెల్లం అచ్చులా ఉందట. అసలుది అమ్ముకుని ఏదో నాటుసరుకు బిగించాడని తేల్చేశాడు.

ఆ మాట విని సంఘపెద్ద యేసుపాదం, యర్రయ్య సమాధి మీద సిలువ పాతడం ఆపించాడు. వేగిస కర్రతో చేయించిన సిలువ మిషను గుడి గోడకి చేరబడి ఉండిపోయింది.

యర్రయ్య పెళ్ళాం సవరమ్మ నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. మొగుడు పోయాక పొయ్యి ముందు కూర్చుంటే అలా ఉండిపోయేది. అంబలి పొంగి మంట ఆరిపోయినా తెలిసేది కాదు. కానీ గోడ వార ఆ సిలువని చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. ఆ పెట్టె మీది ఎరుపు లక్క. డుంబ్రిగుడ సంతలో కొన్న లక్కని కరిగించి, తేనెమైనం కలిపి ఇచ్చింది తనే. మంచు చెమ్మకి రవ్వ చచ్చిపోకుండా యర్రయ్య ఏటేటా పూసేవాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కారు పక్కన నిలబడింది.

"ఈ లక్క తియ్యండి. కింద ఏటుందో సూడండి."

"బండి పాడైతేనో? బైబిలు మీద చెయ్యేసి చెప్పీ, చాలు," అన్నాడు యేసుపాదం.

"పులితోలు మీద నిలబడి పెమాణం సేసెయ్యే," అంది ఇంకా పాత దేవతల్నే కొలిచే సవరమ్మ అక్క కనక.

"ఏదీ సెయ్యను. కంటికి ఆననిదానికి పెమాణం. ఇది ఇనుము. ఎదురుగా ఉన్నాది."

వరప్రసాదం నవ్వాడు. "ఇంజను గురించి నీకేటి తెలుసప్పా?"

"ఇంజను తెల్దు బాబూ, నా మొగుడు తెలుసు. నున్నగా ఉంటేనే అసలుదైతే, ఆ అమ్మోరి మచ్చల మొకం నీది కాదేటి?"

జనం గొల్లుమన్నారు. సవరమ్మ నిప్పుల్లో కాల్చిన అట్లకాడ తెచ్చి పెట్టెకి ఆనించింది. లక్క మెత్తబడి జారింది. గుడ్డతో తుడిస్తే కంపెనీ చుక్కగుర్తు బయటపడింది, దాని కింద అంకెలు. ఇంజను మీదా అదే చుక్క, అవే అంకెలు.

"కంపెనీదే," గొణిగాడు వరప్రసాదం.

"గట్టిగా అను. దొంగ అని సంతంతా వినేలా అన్నావు గదా."

"కంపెనీదే!"

యేసుపాదం గొంతు సవరించుకున్నాడు. "సిలువని కారులోనే తీసుకెళ్దాం." ఈలోగా మంచు కమ్మేసింది. వరప్రసాదం చెమటలు కక్కేదాకా హేండిల్ తిప్పినా ఇంజను పలకలేదు.

"అప్పా, కాస్త లక్క కాసిస్తావా?"

"ముందు సిలువ. మీ బుజాలు లేవేటి?"

వాళ్ళు మోశారు. ఆమె ముందు నడిచింది. సమాధి దగ్గర గునపం అందుకున్న వరప్రసాదాన్ని చూస్తూ నిలబడింది.

"ఇంకా లోతుగా తవ్వు బాబూ. గాలికి ఒంగిందా, మళ్ళీ నీ సేతే పాతిస్తాను."